కాశీలో విడిచిన పెరుగు

నారాయణగూడలో డాక్టరు గది నుంచి బయటికొచ్చి అత్తాకోడళ్లు ఆటో కోసం నిలబడ్డారు. లోపల చెప్పిందేదీ అత్తగారి చెవికెక్కలేదు.

“నిజం చెప్పు బిడ్డా. మా అమ్మ జబ్బే కదా నాకొచ్చింది?”

“కాదత్తమ్మా. అల్జీమర్స్ కాదన్నరు.”

“చిక్కడపల్లి పోయి, ఏం కొనాలనో యాదికి రాక ఉత్త సంచితోని తిరిగొచ్చిన. అమ్మకు గిట్లనే మొదలైంది.”

“అమ్మకుంటే బిడ్డకు జర భయం ఎక్కువనే గని, వచ్చి తీరుతదని లేదంట. షుగరు, బీపీ పెరగకుండ చూసుకోమన్నరు. మీకు తక్కువైంది బీ ట్వెల్వ్ విటమిన్. సూదులేసుకుంటే మతిమరుపు తగ్గుతదంట.”

“అదెందుకు తక్కువైతది?”

“మనం మాంసం, గుడ్లు తినం. మనకది పాలు, పెరుగుల నుంచే రావాలె. మీరేమో ఆ రెండూ కాశిల విడిచిపెట్టొస్తిరి. అందరు ఒక కాయనో పండునో విడుస్తరు. మీకేమైందత్తమ్మా?”

“అమ్మ జబ్బు నాకు రావొద్దని మొక్కుకున్న బిడ్డా. పాలు, పెరుగంటే నాకు పానం. అందుకే ఆ రెండూ విడిచిన.”

కోడలికి నవ్వాగలేదు.

“నవ్వకు. ఇప్పుడు పెరుగు ముట్టుకుంటే మొక్కు తప్పినట్టు కాదా?”

“ముట్టుకోకండి, సూదులున్నయి కదా. మీరు మాట తప్పలే, ఆ దేవుడు గూడ తప్పలే. ఆ జబ్బైతే రాలే కదా!”

అత్తగారు నడిరోడ్డని కూడా చూడకుండా రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టింది.

తననే ఆపుతోందనుకుని ఆటో వచ్చి ఆగింది.