మంచం పక్కనా, మంచం మీదా

హలో… ఆ, నేనే… మీ వదిననే. మెషిన్ చప్పుడు… ఉండు, ఆపాను. ఇప్పుడు చెప్పు.

… ఎప్పట్నుంచి? పొద్దున్నుంచా? మధ్యాహ్నం రెండయింది కదా. ఎంతసేపటికోసారి వస్తున్నాయి? … ఎనిమిది నిమిషాలకా. మీ ఆయనేడీ? … ఊళ్ళో లేడా. సరే, ఆటోకి చెప్పావా? … మంచి పని చేశావు. మీ అన్నయ్యకి ఫోన్ చేశావా? … ముందు నాకే చేశావా. ఎందుకూ?

… ఏమడిగావ్? మళ్ళీ చెప్పు.

'ఎలా ఉంటుంది' అనా? నర్సువి నువ్వు. పదకొండేళ్ళు కాన్పుల వార్డులో పనిచేసినదానివి. బట్టలు కుట్టుకునే నన్నడుగుతున్నావా?

… అదీ నిజమేలే. మంచం పక్కన నించుని వెయ్యి కాన్పులు చూసుంటావు. మంచం మీద పడుకుని ఒక్కటీ చూళ్ళేదు.

విను మరి. ఇప్పుడొస్తున్నవి ఇంకా మొదటి నొప్పులే. కూర్చోకు, అటూ ఇటూ నడువు. గుక్కెడు మంచినీళ్ళు తాగు… తాగొచ్చు. నా కాన్పప్పుడు నేనడిగితే నువ్వు ఇవ్వలేదు గానీ, తాగొచ్చు.

… దెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను.

తర్వాత నడుం విరిగిపోతున్నట్టుంటుంది. ఒకటి పోయేలోపు ఇంకోటి. ఒళ్ళంతా వణుకుతుంది, వాంతవుతుంది. నా వల్ల కాదు, ఇంటికి పంపించెయ్యండి అంటావు… అంటావులే, అందరూ అంటారు. అప్పటికి బిడ్డ దగ్గరికొచ్చేసినట్టే. నేనూ అన్నాను. దానికి నువ్వేమన్నావో గుర్తుందా?

… లేదా. రోజుకి పదిమందితో అనే మాట, ఎలా గుర్తుంటుంది. 'నవ్వుతూ పడుకున్నప్పుడు తెలీలేదా' అన్నావు. పడుకున్నది మీ అన్నయ్య పక్కనే కదమ్మా, ఊరి మీద పడలేదే. తొడ మీద చరిచావు కూడా. ఐదు వేళ్ళూ అచ్చుపడి మూడు రోజులున్నాయి. మా ఆడపడుచే నర్సు, నాకేం భయం అనుకుంటూ వచ్చినదాన్ని.

… ఇన్‌ఛార్జి సిస్టర్ చూస్తోందనా? సొంతవాళ్ళని వెనకేసుకొస్తున్నావంటుందనా? … అయితే గుర్తుందన్నమాట.

… ఏంటీ, వస్తోందా? మాట్లాడకు. నోరు తెరిచి ఊపిరి వదులు. పళ్ళు బిగించకు… భుజాలు వదిలెయ్… ఆ, అలాగే… నేను లైన్లోనే ఉన్నాను… … పోయిందా? ఊఁ.

బిడ్డ రాగానే అయిపోయిందనుకుంటాం. అవదు. మాయ పడాలి, దానికో నొప్పి. ఆ తర్వాత… … కుట్లా. రోజూ ఎన్ని కుట్లు వేస్తానో లెక్కలేదు, ఏ గుడ్డా అరవలేదు. నేనరిచాను. మత్తింకా ఎక్కలేదని చెప్తే 'నటించకు' అన్నావు. మా వదిన అరుపులకి సీలింగు ఫ్యాను ఊగింది అని భోజనాల దగ్గర అందర్నీ నవ్వించావు చూడు… నేనూ నవ్వాను. కుట్లకంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

… బిడ్డని చూడగానే అన్నీ మర్చిపోతారంటారు. నేను మర్చిపోలేదు. ప్రేమ కూడా వెంటనే రాలేదు, నిద్రొచ్చింది. ప్రేమ మూడోరోజు వచ్చింది, పాలతోపాటు. నీకూ అలాగే అయితే కంగారుపడకు. చెడ్డతల్లివేం కావు.

… ఎందుకేడుస్తున్నావిప్పుడు? … మీ వార్డులో డ్యూటీలో ఎవరున్నారు ఇవాళ? … ఆ జూనియరా? నువ్వు దగ్గరుండి పని నేర్పిన మనిషే కదా. 'అచ్చం నాలాగే చేస్తుంది' అని మురిసిపోయేదానివి.

… ఓహో.

అదా నీ భయం.

… నన్ను లోపలికి రమ్మంటున్నావా? కాన్పు గదిలోకి ఇంటివాళ్ళు రాకూడదు కదా. మా అమ్మ ఐదు గంటలు ఆ తలుపు బయటే నించుంది. నేను లోపల్నుంచి 'అమ్మా' అంటే, బయట్నుంచి 'ఆఁ' అనేది. తలుపు తియ్యలేదు నువ్వు.

… … ఉన్నాను. వింటున్నాను.

వస్తాను. … వస్తానన్నానుగా. కోపం పోయి కాదు. ఆ గదిలో మనవాళ్ళంటూ ఒక్కరూ లేకపోతే ఎలా ఉంటుందో తెలుసు గనక వస్తాను.

… ఆపితే ఆపనీ, నేను జరగను. నీ మీద చెయ్యెత్తితే ఆ చెయ్యి పట్టుకుంటాను. నువ్వు మాత్రం గొంతు పోయేదాకా అరిచెయ్. ఎవరి పరువూ పోదు.

… వద్దు. ఆ మాట ఇప్పుడనకు. నొప్పుల్లో ఉన్న మనిషి ఎవరి కాళ్ళైనా పట్టుకుంటుంది. ఒళ్ళు కుదుటపడి, హాయిగా కూర్చోగలిగాక అప్పటికీ అనాలనిపిస్తే అను. వినగలనో లేనో… అప్పుడు చూద్దాం.

… ఆటో వచ్చిందా? నువ్వు బయల్దేరు, నేనిట్నుంచి నేరుగా ఆస్పత్రికే వస్తాను. మెట్లు మెల్లగా దిగు… మళ్ళీనా? ఆగు, అక్కడే ఆగు. గోడ పట్టుకో… ఫోన్ పెట్టెయ్. … నేనొస్తున్నానన్నాగా, పెట్టెయ్. రెండు చేతులతో పట్టుకో.