లోపలి గడియ

ఈ సభకు పెద్దగా కూర్చున్న మా మేనేజర్ వెంకటేశం గారికి, వేదిక మీదున్న పెద్దలకు, బొల్లారం ఫ్యాక్టరీలో నాతో పాటు మూడు షిఫ్టులూ చెమటలు కార్చిన మిత్రులకు, కాలనీ అక్కచెల్లెళ్లకు, మొదటి వరుసలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న శివకుమార్‌కు, అతని భార్య మహితకు ఈ మక్బూల్ నమస్కారాలు, సలాములు. స్టేజీ ఎక్కితే పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలని మా షిఫ్టు పెద్దరాములు నిన్నటి నుంచి నాకు ట్రైనింగ్ ఇస్తున్నాడు. ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం. (నవ్వులు)

ముప్పై ఒక్క ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరవుతున్నాను కాబట్టి ఒక శాలువా కప్పుతారని తెలుసు. కానీ ఇందాక వెంకటేశం గారు చదివిన సన్మాన పత్రంలో 'గాయపడిన జవానుకు కొత్త జీవితం ఇచ్చిన మహానుభావుడు' అన్న మాట వినగానే తల దించుకున్నాను. సార్, మీరు చదువుతుంటే నేను మహిత ముఖం వైపు చూడలేకపోయాను. ఎందుకో చెప్పకుండా ఈ శాలువాతో ఇంటికి వెళ్లలేను.

శివకుమార్ తండ్రి నాగయ్య, నేను ఒకే బాయిలర్ మీద పనిచేశాం. నాగయ్య పోయాక ఆ పిల్లవాడు మా చేతుల్లోనే పెరిగి పటాలంలో చేరాడు. సరిహద్దులో మందుపాతర పేలి కుడికాలు మోకాలి కింద పోయిందని ఫోన్ వచ్చిన రోజు, పక్కన ప్రెషర్ మీటరు ముల్లు ఎక్కడుందో కూడా చూడకుండా నేల మీద కూలబడిపోయాను. నా సర్వీసు మొత్తంలో ఆ ముల్లును మరిచిపోయింది ఆ ఒక్కసారే.

అతను పెట్టుడు కాలుతో ఇంటికి వచ్చాక, ఇతన్ని మనమే చూసుకోవాలని కాలనీ అంతా అనుకున్నాం. అందులో తప్పులేదు. తప్పెక్కడంటే, ఆ పని నాకు అప్పగించడంలో. (నవ్వులు) బాయిలర్ వాడికి తెలిసింది ఒకటే: మంట ఉండగా దాన్ని ఒంటరిగా వదలకూడదు, తర్వాతి షిఫ్టు మనిషి, అదే రిలీవర్, వచ్చి సంతకం పెట్టేదాకా కదలకూడదు. నేను శివకుమార్ ఇంటికి కూడా అదే రూలు పెట్టాను. ఎ షిఫ్టు దిగినవాళ్లు మధ్యాహ్నం, బి షిఫ్టుకు పోయేవాళ్లు పొద్దున, సి షిఫ్టుకు పోయేవాళ్లు రాత్రి దాకా. తాళం చెవులు మూడు చేయించాం. ఒక లాగ్ బుక్కు పెట్టాం. జ్వరం ఎంత, మాత్ర వేసుకున్నాడా, ఎన్ని రొట్టెలు తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, అన్నీ రాశాం. ఏడు నెలల్లో ఒక్క సంతకం తప్పలేదు. దాన్ని చూసుకుని నేను ఎంత మురిసిపోయానో ఇక్కడున్న నా భార్య ఆలంబీకి తెలుసు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం డ్యూటీ మార్చుకోవడానికి పెద్దరాములు వెళ్తే తలుపు తెరుచుకోలేదు. తాళం చెవి తిరుగుతోంది, తలుపు రావడం లేదు. లోపల గడియ; పొద్దుటి మనిషిని మందుల షాపుకు పంపి పెట్టుకున్నారట. పిలిస్తే పలుకు లేదు, ఫోన్ ఎత్తడం లేదు. పెద్దరాములు నాకు ఫోన్ చేసి, "మక్బూల్ భాయ్, జల్దీ రా, లోపట ఏమైందో ఏమో" అన్నాడు. కాలు పోయిన మనిషి మనసు విరిగి ఏం చేసుకున్నాడో అని, ఇనుప రాడ్డు పట్టుకుని పరిగెత్తాను. మూడు దెబ్బలకు గడియ ఊడి తలుపు గోడకు కొట్టుకుంది.

లోపల శివకుమార్ నేల మీద ఉన్నాడు. పాప అతని కింద ఉంది. ఆ రోజు మొదటిసారి చేతికర్ర లేకుండా, ఎదురుగా నిలబడ్డ బిడ్డ వైపు అడుగులు వేస్తున్నాడట. మా చప్పుడు విని, మళ్లీ ఏదో పేలిందనుకుని, బిడ్డ మీద పడి ఒళ్లంతా కప్పేశాడు. ఆ చప్పుడు చేసిన రాడ్డు నా చేతిలో ఉంది. లేపబోతే తలెత్తకుండానే అన్నాడు, "ముట్టకుండ్రి చాచా. జెర బయటికి పోండ్రి."

మహిత మా వైపు చూసి గొంతు పెంచకుండానే అడిగింది. "చాచా, ఈయన ఇంటికొచ్చి ఏడు నెలలాయె. మేం ముగ్గురం కూసొని ఒక్క పూట తిన్నది లేదు. నా పెనిమిటితోని మాట్లాడాల్నంటే మీ షిఫ్టు మారేదాంక ఆగాలె. పాపను తీస్కొని కందిల మా అమ్మగారింటికి పోత అన్న. ఒక్కదినం ఆగు, గడియ పెట్టుకుందాం, ఎవలు పిలిచినా పలకొద్దు అన్నడు. గడియ పెట్టుకునుడు తప్పా?"

ఇంటికొచ్చి లాగ్ బుక్కు మొదటి పేజీ నుంచి చదివాను. ఏడు నెలల రాతలో మహిత పేరు ఒక్కచోట కూడా లేదు. పుస్తకం ఆలంబీకి ఇచ్చాను. ఆమె తిరగేసి, "వాండ్ల ఇంటికి పోయి వాండ్లనే సూడకపోతిరి" అంది. ఇగ నాకు పుస్తకం భాష రాదు పెద్దరాములూ, నేను ఆ దినం మస్తు ఏడ్చిన.

మర్నాడు నేనే వెళ్లి కొత్త గడియ బిగించాను. మూడు చెవులూ మహిత చేతిలో పెట్టాం. వారానికి రెండుసార్లు ఎక్సర్‌సైజులకు తీసుకెళ్లడానికి ఆటో కావాలని వాళ్లు అడిగారు, అది మాత్రం చేస్తున్నాం. మహిత కందిలో పుట్టింటికి వెళ్లలేదు.

పోయిన ఆదివారం ఈ సభకు పిలవడానికి వెళ్లి తలుపు కొట్టాను. ఏడు నెలలు చెవి తిప్పి లోపలికి పోయినవాణ్ని, కొట్టి నిలబడటం అదే మొదలు. లోపల నుంచి "ఎవలూ" అన్నాడు శివకుమార్. తన ఇంట్లో ఆ మాట అడిగే అవసరమే మేము అతనికి రానివ్వలేదు. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు గట్టిగా, మెల్లగా తలుపు దాకా వచ్చాడు. చేతికర్ర లేదు. తలుపు జానెడు తీసి, "చాచా, అన్నం తింటున్నం. జెర బయట కూసో" అని మళ్లీ వేసేశాడు. గడియ పడింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. లోపల పాప ఏదో చెబుతుంటే ఇద్దరూ నవ్వుతున్నారు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, లేవబుద్ధి కాలేదు.

వెంకటేశం గారూ, ఆ పత్రంలో నా పేరు కొట్టేసి వాళ్లిద్దరి పేర్లు రాయించండి. శాలువా మాత్రం ఇవ్వను, ఆలంబీకి నచ్చింది. (నవ్వులు) ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ రుణపడి ఉంటాను. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి, రిలీవర్ వచ్చాడా లేదా అని చూడకుండా వెళ్తున్నాను. సెలవు.