ఇరవై ఏండ్ల పొయ్యి

గోదావరిఖని అవతల, ఓపెన్‌కాస్టు బొగ్గు గని తన అంచుదాకా తవ్వుకొచ్చిన ఊరు. కొత్త పొయ్యి పట్టుకొచ్చిన స్వచ్ఛంద సంస్థ అమ్మాయిని లస్మవ్వ గడపలోనే ఆపింది.

"ఇదేం పొయ్యి బిడ్డా?"

"పుల్లలతోటే మండుతదవ్వా. ఇంటి మీద సోలార్ పలక పెడ్తం. దాని కరెంటుతోటి లోపల ఫ్యాను తిరుగుతది, పొగ రాదు."

"ఊకెనే ఎందుకిస్తున్నరు?"

"పొయ్యి ముట్టిందని ఈ కాయితం మీద వేలిముద్ర ఏస్తె సాలు."

"గనోళ్లు పక్కూరోళ్లతోటి గిట్లనే ముద్రలు ఏపిచ్చుకున్నరు. ఇప్పుడాడ ఊరు లేదు, బొగ్గు తవ్విన బొందనే ఉన్నది."

"అది వేరే అవ్వా. మా పలకైతె ఇరవై ఏండ్లు పనిచేస్తది."

"మా ఊరు ఉంటదా ఇరవై ఏండ్లు?"

"నాకెట్ల తెలుస్తదవ్వా?"

"ఉంటదని రాయి. ముద్ర ఏస్త."

అమ్మాయి పెన్ను తీసింది గానీ రాయలేకపోయింది. లస్మవ్వ పొయ్యిని గడప బయటికి జరిపి తలుపు వేసుకుంది.