బోర్డు కుర్చీ

ఇంటర్వ్యూకి తయారవుతున్న తమ్ముడు రోజూలాగే అక్క కుర్చీ ముందు నిలబడ్డాడు. ప్రశ్నలడిగే బోర్డు ఆమే.

“రూల్స్ మార్చేశారక్కా. ఇక బట్టీ జవాబులు పనికిరావట.”

“చూశాను. వయోపరిమితి కూడా పెంచారుగా.”

“దాంతో మనకేం పని? నాకింకా వయసుంది.”

“నాకు పనుంది. నేనూ అప్లై చేశాను.”

“నువ్వా?”

“ఇన్నేళ్లూ నీచేత అప్పజెప్పించుకుంది నేనేగా! ఇవాళ ఈ కుర్చీలో నువ్వు కూర్చో. నన్ను అడుగు.”

“బాగుంది సంబడం! నీకు ఉద్యోగమొస్తే మంచంలో ఉన్న అమ్మనెవరు చూస్తారు? వంటెవరు చేస్తారు? నాకు చదువు చెప్పేదెవరు?”

“అదేనా నీ మొదటి ప్రశ్న?”

“మరింకేం అడగాలి?”

“బోర్డు వాళ్లయినా ముందు పేరడుగుతారురా.”