తెర తాడు

పోర్ట్ లూయీ నాటకశాల వెనక గుమ్మంలో, సాయంత్రం ఆట మొదలవబోతుండగా, తెర తాడు లాగే మనిషి తన భార్యకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇయ్యాల లోపలికి రాకే. ఇంటికెల్లిపో."

"ఎందుకు మావా? పోయినేడాది ఈ ఇంగ్లీషోల్లు ఇదే ఆట ఆడితే రోజూ సూసాను కదా?"

"అప్పుడు ఏరేగా ఉండేది. ఈ ఆటకి మూలమైన కతపుస్తకంలో, మంచాన పడ్డ ఆ పిల్ల జొరమొచ్చి సచ్చిపోద్దట. జనం తట్టుకోలేరని ఆటలో బతికించారట. ఇప్పుడొచ్చిన కొత్త దొర, పుస్తకంలో ఉన్నట్టే ఆడాలన్నాడు."

"అంటే... ఇంక లేవదా?"

"లేవదు."

"దానికి కప్పేది మన పైడమ్మ దుప్పటే కదా?"

"అదే. పోయినేడాది ఆల్లకి దుప్పటి లేదంటే నువ్విచ్చిందే."

"అది బుజానేసుకుని ఆ పిల్ల మంచం దిగి నడిసొత్తుంటే, మన పిల్లే లేచినట్టుండేది మావా. అందుకే వచ్చేదాన్ని."

"నాకు తెలుసే. ఇయ్యాల అదే దుప్పటి మొకమ్మీదికి లాగేత్తారు. నువ్వు సూడలేవు."

"సూత్తాను."

"మాట ఇనవు కదా! పోనీ, ఆ పిల్ల కళ్లు ముయ్యకముందే తెర దించేత్తాను. నా పని పోతే పోనీ."

"వద్దు, దించకు."

"ఏటే నువ్వు?"

"పైడమ్మ పోయినప్పుడు నాను సెరుకు తోటలో ఉన్నాను. కూలోల్ల మీద పెత్తనం సేసే సర్దారు ఒగ్గలేదు. వచ్చేసరికి మొకం కప్పేసారు. ఈ పిల్ల దగ్గరైనా ఆకరిదాకా కూకుంటాను. తెర నెమ్మదిగా దించు మావా."