తాతయ్య జ్ఞానదంతం

కూర్చోవే కాసేపు. ఇంకా పిలవలేదుగా. కొంగు కప్పుకున్నానేంటనా? ఏసీ చలి. కాదులే, భయమే. పన్ను లోపల అడ్డంగా పడుకుందట, చిగురు కోసి తియ్యాలట. ఎక్స్‌రే చూపించి మరీ చెప్పింది డాక్టరమ్మ. చూపించకపోయినా బాగుండేది. లేచి ఇంటికెళ్ళిపోదామని ఇప్పటికి నాలుగుసార్లు అనుకున్నాను. బ్యాగు భుజానికి తగిలించుకోవడం నువ్వూ చూశావు. మా నాన్న గుర్తొచ్చి ఆగాను.

నువ్వు పుట్టకముందే పోయాడు మీ తాతయ్య. ముప్పై ఏళ్ళు సెలూన్ నడిపాడు. గొంతు మీద కత్తి పెట్టి కబుర్లు చెప్పే మనిషి. పళ్ళ డాక్టరంటే మాత్రం, ఏం చెప్పను, నాకంటే ఘోరం. ఆయనకీ ఇదే పన్ను. మూడు వారాలు గడువిచ్చి, ఈలోగా నోరు తెరుచుకుని ముక్కుతో ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోమన్నాడట డాక్టరు. ఇంట్లో చేసుకోవచ్చుగా? కొట్లో మొదలుపెట్టాడు. తన కుర్చీలో తనే వెనక్కి వాలి, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంట నోరు తెరిచి ఉండేవాడు. గడ్డానికొచ్చినవాళ్ళంతా బెంచీ మీద. ఊరికే ఉంటారా? ఒక్కొక్కరే లేచి లోపలికి తొంగిచూడ్డం. పిండిమిల్లాయన టార్చిలైటు తెచ్చాడు. లెక్కల మాస్టారు, నాకైతే బాగానే కనిపిస్తోందండీ అని తీర్పిచ్చేశాడు. మా అమ్మ క్యారియరు పట్టుకొచ్చి, ఆ గుంపునీ ఆ తెరిచిన నోటినీ చూసి, మనిషి పోయాడనుకుని గుమ్మంలోనే ఏడుపందుకుంది. ఆయన నోరు మూయలేదే. ఇంకా నాలుగు నిమిషాలుందని వేళ్ళు చూపించాడు. నవ్వకు. ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు.

అంత చేసినా భయం పోలేదు. ఎల్లుండి ఆపరేషన్ అనగా వాళ్ళక్క ఊరు పారిపోదామని సంచి సర్దేసుకున్నాడు. సరిగ్గా ఆ పొద్దున్నే కొట్లోకి ఎవరొచ్చారనుకున్నావ్? ఆ డాక్టరే. ఇంట్లో బ్లేళ్ళు అయిపోయాయట. నాన్న నురగ పూసి కత్తి తీసి చూస్తే, కుర్చీ చేతులు రెండూ పట్టేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కాలివేళ్ళు బిగబట్టి ఉన్నాడట మహానుభావుడు. చిన్నప్పుడెవరో గుండు గీస్తుంటే చెవి దగ్గర తెగిందట. నాన్నకి జాలేసింది. ఇదిగో డాక్టరుగారూ, ఇప్పుడు కుడి చెంప, ఇప్పుడు గడ్డం కింద, కాస్త చల్లగా తగులుతుంది, ఇంక రెండే గీతలు, అని ప్రతిదీ ముందే చెప్పి గీశాడట. సగానికొచ్చేసరికి ఆయన కుర్చీ చేతులు వదిలేశాడు. లేచి, అద్దంలో చెవులు రెండూ చూసుకుని, “ఎల్లుండి నేనూ ఇలాగే చెప్తానండీ” అన్నాడట. అంతే. నాన్న ఇంటికొచ్చి సంచి విప్పేశాడు.

నొప్పా? తెలీదే. ఆ రోజు సంగతి ఎప్పుడడిగినా, ఇప్పుడు సూది, ఇప్పుడు మొద్దుబారుతుంది, ఇప్పుడు నీళ్ళు, ఇప్పుడు దూది అని డాక్టరు గొంతుతో వరసగా ఒప్పజెప్పేవాడు. ఆ వరసలో నొప్పి ఎప్పుడూ రాలేదు. దాచాడేమో.

ఆ, పిలిచింది నన్నే. నువ్వు ముందెళ్ళి డాక్టరమ్మతో ఒక్క మాట చెప్పు. ఏది చేసినా ముందు చెప్పి చెయ్యమను. మా అమ్మ పిరికిది అని చెప్పు, ఫర్వాలేదు. ఆగు. నేనే చెప్తాను. నోరు తెరవమనకముందే చెప్పాలి. లే, పద.