గెలిచాక చుక్కాని వదిలినవాడు

ఏంటమ్మా, నీళ్ళ వైపు అంతలా చూస్తున్నావు? పడవలా? అవి మనవి కావు, పక్క ఊరివి. జూన్ పందేనికి సాధన చేస్తున్నారు. చూడు ఆ తెడ్లు, ఒకడిది లేస్తుంటే ఇంకొకడిది మునుగుతోంది. మీ తాత ఉంటే ఇది చూసి అన్నం మానేసేవాడు. ఆఁ, మీ తాతే, పెనియామినా అన్నే. అదేంటి, ఆయన పడవ నడిపాడని నీకు తెలీదా? ఆక్లండ్‌లో ఇన్నేళ్ళూ మీ అమ్మ మరి ఏం చెప్పింది నీకు? ప్రార్థనల తాత, అంతేనా. సరే కూర్చో. అక్కడ కాదు, అక్కడ తడి, ఇటు రా. కోకో తాగు. నా కోడలు పొద్దున్నే గింజలు వేయించి దంచింది. మీ దగ్గర డబ్బాలో దొరికేది ఇది కాదు.

ఎక్కడ మొదలుపెట్టను. పడవ నుంచే మొదలుపెడతాను. నలభై నాలుగు మంది తెడ్డు వేసే పడవ మనది. నాది ఎడమ వైపు వెనక నుంచి మూడో బల్ల, అంటే ఆయన కాళ్ళ దగ్గరే. కెప్టెన్ వెనకాల నిలబడి చుక్కాని పట్టుకుంటాడు కదా, ఆయన చెమట నా వీపు మీద పడేది. నాకప్పుడు ఇరవై నాలుగు, ఆయనకి నలభై దాటాయి. వరసగా మూడేళ్ళు రెండో స్థానం మనది. మూడో ఏడు తేడా ఎంతనుకున్నావు, చెయ్యి చాపినంత. ఆ తర్వాత బస్సులో పక్క ఊరి ఆడవాళ్ళు మన వాళ్ళని చూసి జరిగి కూర్చుని, "రండమ్మా, రెండో వరసలో కూర్చోండి, మీకు అలవాటేగా" అనేవాళ్ళు. మా అమ్మ అయితే ఆ బస్సు ఎక్కడమే మానేసింది. నడిచి వెళ్ళేది, మోకాళ్ళ నొప్పితో.

నాలుగో ఏడు మీ తాత మనిషి మనిషిలా లేడు. పందేనికి ముందు జట్టంతా పడవ కొట్టంలోనే పడుకోవాలి, ఇళ్ళకి పోకూడదు, అది అందరూ చేసేదే. మామూలుగా మూడు వారాలు. ఆయన తొమ్మిది వారాలు పెట్టాడు. పెళ్ళయి నెల తిరగనివాడు ఒకడున్నాడు మాలో, పోసెనై అని, వాడు ఏడ్చినంత పని చేశాడు. "అన్నా, మా ఇల్లు ఇక్కణ్ణించి కనిపిస్తుంది, ఒక్కసారి పోయి బనియను తెచ్చుకుంటా" అంటే, "బనియనుకి కాళ్ళుంటే అదే వస్తుందిలే" అన్నాడు. ఎవరికి ఎంత దుంప పెట్టాలో ఆయనే చూసేవాడు. కొబ్బరిపాలు బరువని మాన్పించాడు. మీ అమ్మమ్మ సీనివా, మహా ఇల్లాలు, రోజూ ఆకుల్లో చుట్టి ఏదో ఒకటి పంపేది. ఆయన విప్పి కూడా చూడకుండా మాకిచ్చేసేవాడు. నేనే తిన్నాను చాలాసార్లు. ఇప్పుడు చెబితే పాపం అనిపిస్తుంది కానీ, అప్పుడు రుచిగానే ఉండేది.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. అప్పుడు దేవుడి మీద నమ్మకం లేదా అని. అదే కదా తమాషా. అప్పుడూ ఆయన చర్చిలో డీకనే, పాస్టరు తర్వాత పెద్ద. తెల్ల కోటు, మొదటి బల్ల. ప్రార్థన మొదలుపెట్టాడంటే ఇళ్ళల్లో రాతి పొయ్యి మీద దుంపలు మాడిపోయేవి. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. ఈ దేశంలో చర్చికి పోనివాడెవడు చెప్పు. కోడి దొంగ కూడా కూర తినే ముందు కళ్ళు మూసుకుంటాడు. కాబట్టి ఆయన మారాడు అంటే ఎక్కణ్ణించి ఎక్కడికి మారాడు అన్నది అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. అదే నన్ను తొలిచేసింది ఇన్నేళ్ళూ.

ఒకరోజు సాయంత్రం, పందేనికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. పగడపు దిబ్బ దాటి బయటి సముద్రంలోకి పోయి తిరిగొస్తున్నాం. ఎదురుగాలి, ఆలస్యమైంది. ఊరు దగ్గరికి వచ్చేసరికి సాయంకాలపు శంఖం ఊదేశారు. శంఖం ఊదాక ఎక్కడివాడు అక్కడే ఆగాలి, ఇళ్ళల్లో ప్రార్థన అయ్యేదాకా దారిలో మనిషి కదలకూడదు. నీకు నిన్న చెప్పారుగా, నువ్వు కొట్టుకి పోబోతుంటే పిల్లలు ఆపారుగా, అదే. నేల మీద దారికి ఎలాగో ఊరి ముందు నీళ్ళకీ అలాగే. కదిలితే ఊరి పెద్దలు పందుల్ని జరిమానాగా తీసుకుంటారు, కెప్టెన్ అయితే రెండింతలు. తెడ్లు పైకెత్తించి ఆపాడు. విసుగ్గానే ఆపాడు, గొణుక్కుంటూ.

గోడల్లేని ఇళ్ళు కదా మనవి. నీళ్ళ మీదికి అన్ని ఇళ్ళ పాటలూ ఒకేసారి వస్తున్నాయి. ఒక్కో ఇంటిది ఒక్కో కీర్తన. మేమంతా నేల మీద ఉన్నప్పుడు ఎవరింట్లో వాళ్ళం పాడుకునేవాళ్ళమే కానీ, బయట నిలబడి ఊరంతటినీ ఒక్కసారి విన్నవాడు ఎవడూ లేడు. కాసేపటికి మావాళ్ళు గుసగుసగా ఆట మొదలుపెట్టారు. "అదిగో మా అమ్మ, మళ్ళీ అపశ్రుతి." "ఆ దగ్గు మా నాన్నది." పోసెనై అయితే, "అది నా పెళ్ళాం, ఎంత బాగా పాడుతోందో చూడండి" అంటే, "అది పాడటం కాదురా, నువ్వు లేవని సంతోషం" అని ఎవడో అన్నాడు. నోరు నొక్కుకుని నవ్వుతున్నాం. అప్పుడు మీ తాత వంగి నా చెవి దగ్గర, చాలా మెల్లిగా, "ఒపేటా, ఇందులో మా ఇల్లు ఏదిరా?" అన్నాడు.

హాస్యానికి అడిగాడనుకున్నాను. తిరిగి చూస్తే మొహంలో హాస్యం లేదు. వెతుకుతున్నాడు. నేను చూపించాను. "అదిగో అన్నా, సన్న గొంతు, ముందు ఒక్కతే ఎత్తుకుంటోంది, తర్వాత మిగతావాళ్ళు అందుకుంటున్నారు చూడు, అది మీ ఇల్లు." ఆ గొంతు మీ అమ్మదే తల్లీ. అప్పుడు ఏడేళ్ళేమో. పాట అయ్యాక ఇంటి పెద్ద ప్రార్థన చెయ్యాలి. ఆ పెద్దేమో మాతో పడవలో ఉన్నాడు. ఆ పిల్లే చేసింది. మాటలు వినపడలేదు, గొంతు మాత్రం వినపడింది. ఆయన, "దీనికి ఇదంతా ఎవరు నేర్పారు?" అన్నాడు. నన్ను కాదు.

ఆ తర్వాత ఏం చేశాడనుకుంటున్నావు? మానేశాడనుకుంటున్నావు కదూ. లేదు. మర్నాడు ఇంకా గట్టిగా తోలాడు మమ్మల్ని. గెలిచాం. అవునమ్మా, గెలిచాం, పడవన్నర దూరంతో. అపియా రేవులో మావాళ్ళు బట్టలతోనే నీళ్ళల్లోకి దూకారు. మా అమ్మ ఆ మోకాళ్ళతో నాట్యం చేసింది. పక్క ఊరి పడవ ఒడ్డుకి వస్తుంటే, "రండి రండి, రెండో వరసలో ఆపుకోండి" అని అరిచింది. సంవత్సరం దాచుకుంది ఆ మాట. ఊరికొచ్చాక విందు, పందులు, పెద్దల ఉపన్యాసాలు. మీ తాతకి మెడ నిండా దండలు. ఊరి పెద్దాయన పక్కన కూర్చోబెట్టారు. ఉపన్యాసం చెప్పేవాడు ఆయన్ని సొరచేపతో పోలుస్తున్నాడు, తుఫానుతో పోలుస్తున్నాడు. నేను ఎదురుగా ఉన్నాను కదా, చూస్తున్నాను. ఆయన తింటున్నాడు, నవ్వుతున్నాడు, కానీ మాటిమాటికీ వెనక్కి చూస్తున్నాడు, ఇంకా ఎవరో రావలసి ఉన్నట్టు. ఎవరు రావాలి? ఊరంతా అక్కడే ఉంది అనుకున్నాను.

సందు చూసుకుని లేచి వెళ్ళిపోయాడు. తీసుకురమ్మని నన్ను పంపారు. మీ ఇంటి దగ్గరికి వెళ్ళి బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు కింద ఆగాను, ఎందుకంటే అప్పుడే శంఖం ఊదారు, లోపల ప్రార్థనకి కూర్చుంటున్నారు. గోడలు లేవుగా, అన్నీ కనిపిస్తున్నాయి. పిల్లలు ఆయన్ని చూసి లేచి కొత్త చాప పరిచారు, చుట్టాలకి పరిచేది. మీ అమ్మ పాస్టరు గారికి ఇచ్చే పూల కప్పులో కోకో తెచ్చి రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది. ఎవరూ ఎగతాళికి చెయ్యలేదమ్మా, అదే చూడు. గొప్ప మనిషి వచ్చాడు కదా, అందుకని మర్యాద. మీ అమ్మమ్మ తల వంచుకుంది. ఆయన ఆ కప్పు కింద పెట్టి, "ఇవాళ ప్రార్థన నేను చేస్తాను" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను, చాలాసేపు పడుతుందని చెట్టుకి ఆనుకున్నాను కూడా. ఒక్క మాట రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. చివరికి, "నువ్వు చెయ్యమ్మా, నాకు నేర్పు" అన్నాడు పిల్లతో. ఆ పిల్ల చేసింది. ఆయన ఒక్కో మాటా వెనకాలే అన్నాడు, బడిలో కొత్తగా చేరినవాడిలాగా. నేను పిలవకుండానే తిరిగి వచ్చేశాను. ఆయన నిద్రపోయాడని పెద్దలతో అబద్ధం చెప్పాను.

మర్నాడు చుక్కాని నా చేతికిచ్చాడు. ఊరు ఊరంతా మీద పడింది. "ఓడినప్పుడు వదిలితే అర్థముంది, గెలిచాక వదలడమేంటి, మాకు చెప్పని జబ్బేమైనా ఉందా" అని. పెద్దరికపు బిరుదు ఇస్తామన్నారు, తమ్ముడికి ఇవ్వమన్నాడు. డీకను పని కూడా కొన్నాళ్ళు వదిలేశాడు. "నేను ఇన్నాళ్ళూ మీకు వినపడాలని ప్రార్థన చేశాను, ముందు దేవుడికి వినపడేలా చెయ్యడం నేర్చుకోనివ్వండి" అన్నాడు పాస్టరు గారితో. పాస్టరు గారు ఎంత నొచ్చుకున్నారో. ఆ రోజు నుంచి ముప్ఫై ఒక్క సంవత్సరాలు, సాయంకాలం ఇంట్లో లేని రోజు లేదు. ఇంటి పెద్ద లేని ఇళ్ళు ఉంటాయి కదా, మగవాళ్ళు న్యూజిలాండ్ పోయినవి, విధవరాళ్ళవి. తన ఇంట్లో ముగించుకుని ఆ ఇళ్ళకి పోయి కూర్చునేవాడు. పాడేవాడు, పిల్లల చేత వాక్యం చెప్పించేవాడు, వెళ్ళిపోయేవాడు. ఏమీ తినేవాడు కాదు. అంతే. కెప్టెన్ చేసే పనేనా అది?

నాకు కోపం, అది నిజం. అనుమానం కూడా. ఏదో దాస్తున్నాడు, ఒకరోజు బయటపడుతుంది అనుకున్నాను. ఆరేళ్ళు నేను నడిపాను. ఐదో ఏట గెలిచాను. మెడ నిండా దండలు, పక్కన ఊరి పెద్దాయన, అదే సొరచేప, అదే తుఫాను. మూడో రోజుకి నాలో ఏమీ లేదు. దండలు వాడేదాకా కూడా ఆ సంతోషం నిలవలేదు. నేరుగా ఆయన దగ్గరికి పోయాను. అప్పుడు చేమ తోటలో కలుపు తీస్తున్నాడు. "అన్నా, నేను గెలిచాను, ఆ గెలుపు ఇప్పుడు ఎక్కడికి పోయింది?" అన్నాను. నవ్వాడు, వెక్కిరింపు కాదు. "దాహమేసినవాడు సముద్రం నీళ్ళు తాగుతాడు చూడు, తాగుతున్నంతసేపూ నీళ్ళేరా అవి" అన్నాడు. "మరి నీకు దొరికింది ఏంటి?" అన్నాను. "దొరకలేదు, దొరికాను" అన్నాడు. ఇలాంటివి చెబితే నాకు మండుతుంది, పాస్టర్ల మాటలు. ఆ మాటే అన్నాను మొహం మీద. "సరే అయితే ఆ వరస కలుపు తియ్యి" అన్నాడు. తీశాను. చీకటి పడేదాకా తీశాను.

ఆసుపత్రిలో చివరి వారం నేనే ఉన్నాను పక్కన. మీ అమ్మ విమానం ఇంకా రాలేదు. ఎవరూ లేనప్పుడు అడిగేశాను. "అన్నా, ఇప్పుడైనా నిజం చెప్పు. ముప్ఫై ఒక్క ఏళ్ళల్లో ఒక్కసారైనా అనిపించలేదా, పడవలు మలుపు తిరిగి వస్తుంటే, నేనుండాల్సింది అక్కడ అని?" అబద్ధం చెబుతాడు, పట్టుకుంటాను అని చూస్తున్నాను. "ప్రతి ఏడూ" అన్నాడు. "ప్రతి ఏడూ చేతులు దురదపెట్టేవిరా. ఆ చుక్కాని పట్టుకోవాలని చేతులు వాటంతటవే ముడుచుకునేవి." "మరి?" అన్నాను. "చేతులకి కావాలి, నాకు అక్కర్లేదు. కడుపు నిండినవాడికి కూడా కూర వాసన బాగానే ఉంటుంది కదా ఒపేటా. లేచిపోయి తినడు, అంతే." తర్వాత నిద్రపోయాడు. నేను ఆ నిద్ర మొహం చాలాసేపు చూశాను. ఏమైనా దాచాడా అని. ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది.

నేనా? నా భార్య పోయాక మొదలుపెట్టాను. ఒక్కణ్ణే ప్రార్థనకి కూర్చుంటాను సాయంకాలం, కోడలు పాడితే కలుస్తాను. ఆ కడుపు నిండటం గురించి ఆయన చెప్పింది నిజమే. వస్తుంది. ఏమీ అడగనక్కర్లేనట్టు, లోపల నిండినట్టు. నిన్న వచ్చింది. మొన్న రాలేదు. వారంలో రెండు రోజులు, ఒక్కోసారి మూడు. వచ్చిన రోజు ఎంత గెలుపూ దానికి సరిపోదు, గెలిచినవాణ్ణి చెబుతున్నాను కదా, నమ్ము. రాని రోజు కూడా కూర్చుంటాను. కానీ ఆయనకి రోజూ ఉండేదా, లేక నాలాగే అప్పుడప్పుడూనా, రాని రోజున కూడా లేచి ఆ ఇళ్ళన్నింటికీ అలాగే నడిచేవాడా? అన్నీ అడిగాను చూడు, తోటలో అడిగాను, మంచం పక్కన కూర్చుని అడిగాను. ఆ ఒక్కటీ అడగలేదు.

తాగమ్మా, చల్లారిపోతోంది. అడుగున గింజ పొడి ఉంటుంది, పారెయ్యకు, నమలాలి దాన్ని.